ఆగని కబురు

నవంబరు 6, గురువారం

ఇవాళ సీనియర్ బైపీసీ సెక్షన్‌లో న్యూరల్ కంట్రోల్ మొదలుపెట్టాను. మూడు క్లాసుల్లో ముగించమని ప్రిన్సిపల్ హుకుం. మనిషి నరాల వ్యవస్థ మూడు గంటల్లో! ఆయనగారి నరాలకైతే సరిపోతుందేమో.

నరంలో పరిగెత్తే కరెంటు మన ఇళ్ల తీగల్లో కరెంటు లాంటిది కాదని చెప్పాను. కణం పొర మీద ఒక తలుపు తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూకుతుంది. వెనకే పొటాషియం బయటికి పోతుంది. ఆ తోపులాట పక్క తలుపును తెరుస్తుంది, అది దాని పక్కదాన్ని. తిరునాళ్లలో వెనకవాడు తోస్తే ముందువాడు కదులుతాడు చూడండి, అదీ వరస. అలా చివరిదాకా వస్తుంది. వచ్చి ఆగిపోతుంది. అక్కడితో నరం అయిపోయింది, ముందున్నది సందు. మామూలు మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నం. కరెంటు ఆ సందు దాటలేదు. అందుకని కబురు అక్కడ వేషం మార్చుకుంటుంది. అసిటైల్ కోలిన్ అనే రసాయనమై చిన్న చిన్న సంచుల్లోంచి బయటపడి, అవతల కండరం తలుపు తడుతుంది. కండరం ముడుచుకుంటుంది. మనం చెయ్యి ఎత్తామనుకుంటాం.

ఇంతవరకూ పిల్లలు రాసుకుంటారు. తర్వాతది ఎవరికీ పట్టదు. తలుపు తట్టినవాడు తట్టి వెళ్లిపోవాలి కదా? లేకపోతే కండరం ముడుచుకునే ఉంటుంది. ఆ సందులో ఒక ఎంజైము కూచుని వచ్చిన అసిటైల్ కోలిన్‌ను వచ్చినట్టే ముక్కలు చేసి ఊడ్చేస్తుంది. అది ఊడిస్తేనే రెండో కబురు వినపడేది. మోసినవాడికి పాఠంలో పేజీ, ఊడ్చినదానికి ఒక లైను. ఒంట్లోనూ ఇదే అన్యాయం అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. స్తుతి అనే పిల్ల లేచి, మేడం ఇది నీట్‌లో వస్తుందా అంది.

సాయంత్రం వెంకటనారాయణ వచ్చాడు. మా హక్కుల సంఘం కార్యదర్శి. పదిహేడున కలెక్టరేటు ముందు రైతు ఆత్మహత్యల మీద ధర్నా అట. రాజ్యం, నువ్వు మాట్లాడాలి, నిప్పులు కురవాలి అన్నాడు. కురిపిస్తానన్నాను. నా దగ్గర పుష్కలంగా ఉన్నది అదొక్కటే.

నవంబరు 8, శనివారం, మధ్యాహ్నం

స్టాఫ్ రూములో ఉండగా యలమంద బాబాయి ఫోను. మా ఊళ్లో తమ్ముడి చేను పక్క చేను ఆయనది. అమ్మా రాజ్యం, వీరబాబు చేలో పడిపోయాడమ్మా, నోట్లో నురగ, కండలన్నీ పురుగులు పాకినట్టు అదురుతున్నయ్, మనిషి మనిషంతా పురుగుమందు కంపు, పొదిలి తీసకపోతన్నాం అని ఒక్క ఊపిరిలో చెప్పాడు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. ఈ వార్తకు నా బుర్రలో చోటు ఎప్పుడో సిద్ధం చేసి ఉంది. కౌలు రైతు. మిరప. నల్ల తామరపురుగు. మిగతాదంతా ఏళ్ల తరబడి నేను రాస్తున్నదే, పేరొక్కటే కదా మారేది.

పొదిలి నర్సింగ్ హోం డాక్టరు లైన్లోకి వచ్చాడు. తాగాడా, కొడుతుంటే ఒంటి మీద పడిందా అని అడిగాడు. తాగాడు అన్నాను. పక్కనుంచి మరదలు లక్ష్మీదుర్గ ఏడుపు, తాగలా వదినా తాగలా అని. దుర్గా దాచొద్దు, దాస్తే మనిషి పోతాడు అని అరిచాను. స్టాఫ్ రూమంతా తలలు తిప్పింది. తిప్పనీ. ఈ ఊళ్లలో పోలీసు కేసుకు భయపడి, పరువుకు భయపడి, తాగినవాణ్ణి తాగలేదని చెప్పి చంపేసుకుంటారు. ఎన్ని చూశాను! డాక్టరుకు నేను జువాలజీ లెక్చరర్‌నని చెప్పాను. స్టమక్ వాష్ చెయ్యండి, విరుగుడు అట్రోపిన్ మొదలుపెట్టండి అన్నాను. సరే మేడం అన్నాడు.

పొదిలి పోవడానికి నల్లపాడు నుంచి కారు మాట్లాడాను, వస్తోంది.

అదే రోజు, సాయంత్రం 6

నర్సింగ్ హోం మెట్ల మీద కూచుని రాస్తున్నాను. గుంటూరు తీసుకెళ్లడానికి అంబులెన్సు రావాలి.

తమ్ముణ్ణి గుర్తుపట్టలేకపోయాను. ఎండాకాలంలో చూసినప్పుడు నున్నగా గీసిన గడ్డం, చెవుల మీదకి రాని క్రాపు. ఇప్పుడు మెడ మీద పడే జుట్టు, గొంతు కప్పేసిన గడ్డం, అడవి. బతుకు మీద ఆశ ఎప్పుడు వదులుకున్నాడో! ఈ మధ్యలో ఒక్కసారి వచ్చి చూడలేకపోయాను. నాకు మీటింగులు.

కంటిపాపలు ఆవగింజల్లా ఉన్నాయి. ఫాస్ఫరస్ మందు పని అది. ఊడ్చేదాని చేతులు కట్టేస్తుంది. తట్టినవాడు తడుతూనే ఉంటాడు. కండరం అదురుతూనే ఉంటుంది, నోరు ఊరుతూనే ఉంటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూనే ఉంటుంది. కబురు చేరకపోవడం కాదు జబ్బు. చేరిన కబురు ఆగకపోవడం.

డాక్టరు ఒక మాటన్నాడు. స్టమక్ వాష్‌లో మజ్జిగన్నం మెతుకులు తప్ప ఏమీ రాలేదు మేడం, వాసన కూడా లేదు అని. ఈపాటికి రక్తంలోకి పోయి ఉంటుంది అన్నాను. తలూపాడు.

దుర్గ నా పక్కన కూచుని అదే పాట. సోమవారం పెదకాకాని శివుడి గుడికి పోదామని బండి మాట్లాడాం వదినా, గుడికి పోయేవోడు మందెందుకు తాగుతాడు అంటుంది. గుడికి పోయేవాళ్లే తాగుతారు, గుడి ఏమీ చెయ్యదని తెలిశాక తాగుతారు అన్నాను. కూతురు భవ్యను దగ్గరికి లాక్కుని ఆ చివర మెట్టు మీదికి పోయి కూచుంది.

నర్సు వాడి బట్టలు మూటగట్టి మాకిచ్చింది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచామని చెప్పింది.

నవంబరు 9, ఆదివారం

గుంటూరులో ఐసియు బయట కుర్చీలో ఫోనులోనే వ్యాసం రాసి వెంకటనారాయణకు పంపాను. గంటలో సంఘం వెబ్‌సైట్లో పెట్టాడు. రేపు పేపర్లో కూడా వస్తుందట. శీర్షిక ఆయనదే: నా తమ్ముడు పురుగుమందు తాగాడు.

బాగా వచ్చింది. నాతో నేనైనా అబద్ధమాడకూడదు, బాగా వచ్చిందనే అనుకున్నాను. పెరిగిన ఆ గడ్డాన్ని చూడండి, ఒక వ్యవస్థ ఒక మనిషి చేత జీవితేచ్ఛను ఎలా వదిలింపజేస్తుందో ఆ గడ్డం చెబుతుంది అని రాశాను. పొదిలిలో తీసిన ఫోటో పెట్టాను. దుర్గను అడగలేదు.

సాయంత్రానికి తెలియనివాళ్లంతా ఫోన్లు. గొప్పగా రాశారు మేడం, కన్నీళ్లు ఆగలేదు అంటున్నారు.

నవంబరు 10, సోమవారం

అట్రోపిన్ ఎక్కింది. నోరు ఎండిపోయింది, కంటిపాపలు పెద్దవయ్యాయి, మంచి లక్షణాలే. కానీ మతి లేదు. గాల్లో చేతులు చాపి మిరపకాయలు కోస్తున్నాడు. లేని సంచిలో వేస్తున్నాడు. తొడిమలు తీయకండర్రా అని ఎవరినో కేకలేస్తున్నాడు. చూడ్డానికి వచ్చిన దుర్గ మేనత్త, ఇది గాలి చేష్టమ్మా, మందు చేష్ట కాదు, తాయెత్తు కట్టించండి అంది. ఆవిడకి ఐసియు గుమ్మంలోనే క్లాసు పీకాను. ఇది దయ్యం కాదు, అట్రోపిన్ అవతలివాడి చెవుల్లో దూది పెడుతుంది, అరిచేవాడు అరుస్తూనే ఉంటాడు, వినేవాడికి వినపడదు, ఆ దూది మెదడులోకి కూడా పోయిందన్నాను. ఆవిడ అంతా విని, మరైతే ఆ అరిచేవాణ్ణి ఎవరాపుతారే అంది. ఆ దూది కండరాల దగ్గర పనిచెయ్యదన్న సంగతి ఆవిడ దగ్గర దాచుకున్నాను.

పేపర్లో వచ్చింది. దుర్గ చూసింది. మడిచి సంచిలో పెట్టుకుంది. భవ్య మాత్రం, అత్తా, మా క్లాసు గ్రూపులో నాన్న ఫోటో పెట్టారు అంది. ఇంటర్ ఫస్టియర్ పిల్ల. ఇందులో సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా, సమాజం అన్నాను. సమాజం మా గ్రూపులో లేదత్తా అంది.

నవంబరు 11, మంగళవారం

దిండు మీంచి తల ఎత్తలేకపోతున్నాడు.

నవంబరు 12, బుధవారం

వెంటిలేటర్ పెట్టారు.

ఇది నాకు పుస్తకంలో తెలుసు. రెండు మూడు రోజులు బాగున్నట్టే ఉండి, ముందు మెడ, తర్వాత భుజాలు, తర్వాత ఊపిరి. అదేపనిగా అరుపులు విన్న కండరం ఇక ఏ అరుపుకీ కదలదు. తెలివి ఉంటుంది, కళ్లు తెరుస్తాడు, ఛాతీ మాత్రం లేవదు. పుస్తకంలో దీనికి నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్ల మధ్య మా తమ్ముడు పడుకుని ఉన్నాడు.

డ్యూటీ డాక్టరు ముదస్సిర్ కుర్రవాడు, నిద్ర లేని కళ్లు. నాకొకటి అర్థం కావట్లేదు మేడం అన్నాడు. నిన్న డోసు తగ్గించగానే పాపలు మళ్లీ సన్నబడ్డాయట, చెమటలు పట్టాయట. మొన్న కూడా అంతేనట. ఎంత తాగాడో తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. డబ్బా చూశారా? చూడలేదన్నాను. ఎవరైనా చూశారా?

పొద్దున క్లాసుకు వెళ్లొచ్చాను. సిలబస్ ఎవరి తమ్ముడి కోసమూ ఆగదు.

నవంబరు 13, గురువారం

రాయాలి. వరసగా రాయాలి.

పొద్దున ముదస్సిర్ మెడలో బలం ఏమైనా వచ్చిందేమో చూద్దామని తమ్ముడి తల కింద చెయ్యి పెట్టి ఎత్తాడట. కళ్లు మండాయట. చేతి గ్లవుజు వాసన చూసుకున్నాడట. బయటికి వచ్చి మమ్మల్నిద్దర్నీ పిలిచి, ఈ జుట్టు ఎప్పుడు కడిగారు అన్నాడు. ఎవరూ కడగలేదు. కొట్టేటప్పుడు తలకేం కట్టుకున్నాడు అన్నాడు. తువ్వాలు అంది దుర్గ. తడిసిందా? తడవకేమవుద్దయ్యా, చెట్లు గుండెల దాకా వచ్చినయ్, ఎదురుగాలి, పైగా వీపు మీది టాంకీ మూత లీకు, మెడ మీద కారతానే ఉంది, ఈ ఒక్క మడి కొట్టేసి సోమవారానికి ఖాళీ అవుదామన్నాడు. ఆ తువ్వాలు, ఆ జుట్టు అట్టాగే ఎండలో గంటలు గంటలు.

మరి తాగాడని ఎవరు చెప్పారు అన్నాడు ముదస్సిర్.

దుర్గ నా వంక చూడలేదు. అదే ఎక్కువ బాధ. గోడ వంక చూస్తూ, నేను మొదట్నుంచీ మొత్తుకుంటన్నా డాక్టరుగారూ, చదువుకున్నోళ్లు వినలా అంది.

అంతే జరిగింది. పొట్ట కడిగారు. పొట్టలో ఏమీ లేదు. ఒళ్లు తుడిచారు. తలలో ఉన్నది తలలోనే ఉంది, దిండుకు పట్టింది, మెడకు పట్టింది, గంట గంటకీ చర్మంలోంచి లోపలికి దిగుతూనే ఉంది. కొత్తగా తయారైన ఎంజైమును వచ్చినదాన్ని వచ్చినట్టే కట్టేస్తోంది. ఏడాదికోసారి బోర్డు మీద బొమ్మ వేసి ఇది చెప్పేదాన్ని నేను. ఫాస్ఫరస్ మందుకు నోరే అక్కర్లేదు, చర్మం చాలు అని నేనే చెబుతాను. ఆ డాక్టరు ఫోనులో అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే.

జుట్టు గీయాలి అన్నాడు ముదస్సిర్. నేను దుర్గకు చెప్పాల్సిన మాటలన్నీ నోట్లో సర్దుకున్నాను. మూఢనమ్మకం, ప్రాణం ముఖ్యం, ఇలాంటివి. ఎందుకంటే అప్పుడే భవ్య చెబితే తెలిసింది నాకు, ఆ జుట్టు మొక్కు జుట్టు. ఎండాకాలం బోరులో నీళ్లు పడితే కార్తీకంలో పెదకాకానిలో తలనీలాలిస్తానని మొక్కుకున్నాడట. నీళ్లు పడ్డాయి. అప్పట్నుంచీ కత్తెర పెట్టలేదు. ఆశ వదులుకున్నవాడి గడ్డమని నేను రాసింది ఆ గడ్డం గురించే.

నా ఉపన్యాసం నోట్లోనే ఉంది. దుర్గ ముందే అనేసింది: గీయండయ్యా, గుండు అక్కడైనా గుండే ఇక్కడైనా గుండే, స్వామికి నేను చెప్పుకుంటా.

ఆ జుట్టు ఇస్తారా అని కూడా అడిగింది. కుదరదమ్మా, అదంతా విషం, కాల్చెయ్యాలన్నాడు ముదస్సిర్. విషం తాగిన దేవుడే గదా ఆయన, ఆయనకి లెక్కా అంది. అప్పుడు తిరిగింది నా వైపు. విషం తాగింది ఆ స్వామి వదినా, మా ఆయన కాదు.

నవంబరు 14, శుక్రవారం

గుండు, గడ్డం గీసి, సబ్బుతో మూడుసార్లు కడిగారు. గోళ్లు కత్తిరించారు. చెవుల వెనక, మెడ మడతల్లో కూడా కడిగారు. కంటిపాపలు మళ్లీ సన్నబడలేదు. వెంటిలేటర్ మాత్రం ఇంకా కొన్ని రోజులు తప్పదన్నారు.

వెంకటనారాయణకు ఫోను చేశాను. తప్పు రాశాను, తాగలేదు, సవరణ వెయ్యాలన్నాను. ఫ్లెక్సీ ప్రింటుకు పోయింది రాజ్యం అన్నాడు. ఆపమన్నాను. తాగాడా, ఒంటి మీద పడిందా అన్నది టెక్నికాలిటీ, చంపింది వ్యవస్థా కాదా, నువ్వే చెప్పు అన్నాడు. చంపడానికి వాడింకా చావలేదు అన్నాను. అదే, మాట వరసకి అన్నాడు.

మంట ఎక్కడంటే, ఆ వాదన నాదే. వ్యక్తి కాదు, వ్యవస్థ. పదేళ్ల కిందట ఇదే ఇంట్లో ఇదే కుర్చీలో కూచుని ఆయనకు నేర్పాను. మందు తాగించే వ్యవస్థ వేరు, మూత సరిగా పట్టని టాంకీ అమ్మి, ముసుగూ గ్లవుజూ బొమ్మ లేబుల్ మీద ఆవగింజంత వేసి చేతులు దులుపుకునే వ్యవస్థ వేరు. రెండూ దొంగలే. కానీ ఏ దొంగ ఏ ఇంట్లో పడ్డాడో తప్పు చెబితే పట్టుకునేదెవర్ని? ఇది చెప్పేలోపు ఆయన ఫోను పెట్టేశాడు.

నవంబరు 17, సోమవారం

ధర్నాకు వెళ్లాను. కలెక్టరేటు గోడకు మా తమ్ముడు వేలాడుతున్నాడు, ఆ జుట్టుతో, ఆ గడ్డంతో, బస్సంత.

మైకు తీసుకున్నాను. వీరబాబు మందు తాగలేదన్నాను. పంటకు మందు కొడుతూ తడిసి పడిపోయాడు, తాగాడని రాసింది నేను, పొరపాటు నాది, ఆ పొరపాటు వల్ల వైద్యం కూడా తప్పుదారి పట్టింది, లీకు టాంకీ అమ్మడం కూడా హత్యాయత్నమే, దీని మీద కూడా నినాదం ఇవ్వండి అన్నాను. ఒకాయన టీ తాగుతూ ఏంటంటున్నది ఆవిడ అని పక్కాయన్ని అడిగాడు.

వెంకటనారాయణ మెల్లగా మైకు నా చేతిలోంచి తీసుకున్నాడు. కామ్రేడ్స్, చూశారా, ఒక ధీర వనిత చేత ఈరోజు ఏం మాట్లాడిస్తున్నారో చూశారా, ఆ కుటుంబం మీద ఎంత ఒత్తిడి ఉందో ఇంతకంటే సాక్ష్యం కావాలా అన్నాడు. పిడికిళ్లు లేచాయి. నా కోసం కూడా ఒక నినాదం ఇచ్చారు.

ఆ నినాదం చాలా బాగుంది. లయ కూడా ఉంది.

నవంబరు 21, శుక్రవారం

సవరణ నాలుగో పేజీలో, టెండరు నోటీసు కింద. తాగలేదని కుటుంబ సభ్యులు చెబుతున్నారు అని వేశారు. చెబుతున్నారు!

నవంబరు 27, గురువారం

నిన్న ట్యూబు తీశారు. ఇవాళ మాట వచ్చింది. గరగరమంటూ, పాత రేడియోలా.

ఒక్కడే ఉండగా లోపలికి వెళ్లాను. గుండు మీద అప్పుడే నల్లటి మొలకలు. నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు. ఏం అక్కా, నేను తాగానంటగా అన్నాడు. ఏ మందో కూడా రాయకపోయావా, చవక మందు తాగాడనుకుంటారు అన్నాడు. నవ్వబోతే దగ్గు తెర వచ్చింది.

తప్పయిపోయిందిరా అన్నాను. నువ్వెందుకు అట్టా అనుకున్నావే అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. కౌలు, పురుగు, జుట్టు, గడ్డం అని ఏదో గొణిగాను. ఈ ఏడు చేను బాగుందక్కా, పూతే పూత అన్నాడు. నువ్వు చూడలా.

డిసెంబరు 9, మంగళవారం

తమ్ముణ్ణి ఇంటికి పంపి వారమైంది. దుర్గ ఫోను చేసింది. నాలుగు రోజులుగా పాదాలు లేవట్లేదట, చెప్పు జారిపోతున్నా తెలియట్లేదట. ముదస్సిర్ ముందే హెచ్చరించాడు, కొన్ని వారాల తర్వాత పొడుగాటి నరాలు చివర్ల నుంచి చచ్చుబడొచ్చు, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అని.

కాళ్ల సంగతి ఎట్టాగో పడతాం వదినా అంది దుర్గ. ఊరు ఊరుకోవట్లేదు. మంచం నవ్వారు విప్పేశారు. దూలానికి ఉన్న తాడు తీసుకుపోయారు. దొడ్లోకి పోతే యలమంద మామ వెనకే పోయి నిలబడుతున్నాడు, ఇంతకంటే మంచివాడు ఊళ్లో లేడు, ఆయన్ని ఏమనను? చేను చూసొస్తానంటే ఒక్కణ్ణి పంపరు. భూమి గలాయన వచ్చి, ప్రాణం మీద తీపి లేనోడికి వచ్చే ఏడు చేను ఎట్టా ఇచ్చేదమ్మా అన్నాడు. మీ తమ్ముడు అన్నం మానేశాడు. అప్పుడు తాగలా వదినా, ఇప్పుడు నాకు భయమేస్తంది.

డిసెంబరు 14, ఆదివారం

ఊరు వెళ్లాను. పొద్దున్నే పాలకేంద్రం దగ్గరికి పోయాను, ఊళ్లో సగం మంది క్యాన్లతో ఉండేది అప్పుడే. అరుగెక్కి మాట్లాడాను. మైకు లేదు, నాకు అక్కర్లేదు కూడా. లీకు టాంకీ గురించి చెప్పాను. తువ్వాలు గురించి చెప్పాను. చర్మంలోంచి మందు ఎలా దిగుతుందో, నరానికీ కండకీ మధ్య సందులో ఏం జరుగుతుందో, కబురు ఎలా ఆగకుండా పోతుందో చెప్పాను. క్లాసులో కూడా ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. రాసింది నేను, అబద్ధం రాసింది నేను, మా తమ్ముడు తాగలేదు అన్నాను. క్యాన్లు కింద పెట్టి విన్నారు. పాల లెక్క చూసే కుర్రాడు కూడా మిషను ఆపి విన్నాడు.

అయిపోయాక వెంకటరావమ్మ అనే పెద్దావిడ దగ్గరికి వచ్చి నా చుబుకం పట్టుకుంది. ఆడపడుచంటే నువ్వేనమ్మా, తమ్ముడి పరువు నిలబెట్టావు అంది. కళ్లనీళ్లు తుడుచుకుంది. మా పెద్దోడప్పుడు మేమూ ఇట్టాగే చెప్పుకున్నాం తల్లీ, కొడతా కొడతా పడిపోయాడని.

వాళ్లంతా నా మాట నమ్మలేదని కాదు. నేను చెప్పడం మంచిపని అని నమ్మారు.

నా అబద్ధానికి ఒక్క గంట పట్టింది. జిల్లా అంతా తిరిగింది. నిజం పాలకేంద్రం అరుగు దిగలేదు.

ఇంటికొస్తే తమ్ముడు నవ్వారు విప్పేసిన మంచం పట్టె మీద కూచుని ఉన్నాడు. ఏమన్నారు అని అడగలేదు. తామరపురుగు మళ్లీ ఎక్కిందక్కా, ఇంకో తడవ కొట్టించకపోతే పూతంతా రాలిపోద్ది అన్నాడు. కూలివాణ్ణి పెట్టి కొట్టించుకుంటాడట. మందు మాత్రం తనే పోయి తెచ్చుకుంటాడట. నేనే పోవాల అక్కా అన్నాడు.

డిసెంబరు 17, బుధవారం

పొద్దున పొదిలి నుంచి ఫోను. పురుగుమందుల కొట్టు బాపయ్యనండి అన్నాడు. మీ తమ్ముడు కర్ర పట్టుకుని కౌంటరు ముందు నిలబడున్నాడు మేడం, మందు కావాలంటున్నాడు, పేపర్లో చదివినోణ్ణి కదా నేను, ఎట్టా ఇవ్వను, మా అక్కని అడగమంటున్నాడు.

ఏ మందు అన్నాను.

అదేనండి, అప్పుడు మా దగ్గర కొన్నదే అన్నాడు.

వెనక నుంచి తమ్ముడి దగ్గు వినపడింది. ఇంకే శబ్దమూ లేదు. కొట్లో ఉన్నవాళ్లంతా ఆగి నా మాట కోసం చూస్తున్నారని తెలుస్తోంది.

ఇవ్వండి అన్నాను. ఎంత అడిగితే అంత.